బుసైతీన్ ఒడ్డు బంగారం

ఆ రోజుల్లో గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళకి బంగారం అంటే అద్దం వెనక వస్తువు. సెలవు రోజైన శుక్రవారం సాయంత్రం మా క్యాంపు బస్సు మనామాలో దించగానే ముందు బంగారం బజారుకే వెళ్ళేవాళ్ళం. కొనడానికి కాదు, ఏ నగ ఎవరి మెడలో బాగుంటుందో తేల్చుకోవడానికి. దుకాణాల అద్దాలకి ముక్కులు ఆనించి, ఇంటి దగ్గరున్న ఆడవాళ్ళ మెడలన్నీ మనసులోనే కొలిచి, తలా ఒక టీ తాగి తిరిగొచ్చేవాళ్ళం. అంతమంది పెద్దవాళ్ళు అద్దాల వెనక చూస్తూ నిలబడితే, బంగారం ఉన్నది అక్కడ కాదు, సముద్రం అడుగున అని కనిపెట్టినవాణ్ణి నేనొక్కణ్ణే. ఇప్పటికీ మా చుట్టాల పెళ్ళిళ్ళలో ఎవరైనా నన్ను "రండి ఇంజనీరు గారూ" అని పిలిస్తే పక్కవాళ్ళు గౌరవం అనుకుంటారు. నాకు మాత్రం చెవులు వేడెక్కుతాయి. తల వంచుకుని విస్తట్లో ఏమేం వడ్డించారో లెక్క చూసుకోవడం మొదలుపెడతాను.

నేను ఇంజనీరుని కాను. ఐటీఐ ఫిట్టరు పాసయినవాణ్ణి, అదీ రెండో దండయాత్రలో. మా అక్క మొగుడు, అంటే మా బావ, అప్పటికే బహ్రెయిన్‌లో అస్కర్ దగ్గర ఒక కాంట్రాక్టరు కింద పరంజాలు కట్టే పని చేస్తుండేవాడు. ఆయనే నానా తంటాలూ పడి నాకు వీసా తెప్పించి, అదే కంపెనీ వర్క్‌షాపులో హెల్పరుగా పెట్టించాడు. ఆ వీసా కోసం మధ్యలో ఇంటికి రావలసిన తన సెలవు కూడా వదులుకున్నాడని నాకు చాలాకాలం తెలియదు (తెలిసి ఉంటే బుద్ధిగా ఉండేవాణ్ణా అంటే, చెప్పలేను). మనిషి మెతక. కోనసీమ మనిషి కావడం చేత మాట తియ్యన, వంట మరీ తియ్యన. గదిలో వంట ఆయనదే. బియ్యం గాలించడం ఆయన దగ్గర చూడాలి. పళ్ళెంలో నీళ్ళు పోసి అలా ఒక్క ఊపు ఊపితే బియ్యం ఒక పక్కకి, రాళ్ళు ఒక పక్కకి పోయి బుద్ధిగా కూర్చునేవి. మా గదిలో అన్నం తిన్నవాడికి పంటి కింద రాయి తగిలిందంటే మా బావ ఆ పూట నిద్రపోయేవాడు కాదు.

గదిలో మూడో మనిషి ఒక పెద్దాయన. జగిత్యాల వైపు నుంచి వచ్చిన తాపీ మేస్త్రీ. ఎన్నేళ్ళు బహ్రెయిన్‌లో ఉన్నా, ఇంటికి ఫోన్ చేస్తే "నేను దుబాయిల మంచిగనే ఉన్న" అనే చెప్పేవాడు. ఇది దుబాయి కాదు మామా అని నేను దిద్దబోతే, "ఇసుక గదే, ఎండ గదే, పేరు మారితే ఏమైతదిరా" అని నా నోరు మూయించేవాడు. అందుకని ఆయనకి దుబాయి మామ అని పేరు పెట్టుకున్నాం. నాకు ఇంజనీరు అని పేరు పెట్టింది ఆయనే. ఒకసారి గదిలో ఆగిపోయిన ఫ్యాను తిప్పి చూపించాను, అంతే. ఆ బిరుదు నా తలకెక్కడానికి ఆ ఫ్యాను తిరిగినంత సేపు కూడా పట్టలేదు.

ఆ చలికాలంతో బావ ఒప్పందం అయిపోతోంది. ఉంటావా పోతావా అని ఫోర్మన్ అడుగుతున్నాడు. ఉంటే ఇంకో రెండేళ్ళు గట్టిగా ఉండాలి. పోతానంటే "ఖలాస్" అని ఒక్క మాట చెప్తే చాలు, టికెట్టు వాళ్ళే కొట్టిస్తారు, కానీ ఆ తర్వాత మళ్ళీ తీసుకోరు. బావకి పోవాలనే ఉంది. ఆయన బయల్దేరి వచ్చేటప్పటికి మా అక్క కడుపుతో ఉంది. పుట్టిన పిల్లకి మాటలొచ్చాయి, నడకొచ్చింది, బడికి పోయే వయసు వస్తోంది, నాన్న మాత్రం రాలేదు. దాని లెక్కలో నాన్న అంటే పక్కింటివాళ్ళ ఫోన్లో ఉండే మనిషి. అక్క రిసీవరు చెవికి పెడితే ఊపిరి బిగబట్టి నిలబడేదట, ఒక్క మాట మాట్లాడేది కాదట. బావ ఇక్కడ బూత్‌లో "అమ్మలూ, అమ్మలూ" అని పిలిచి పిలిచి, చివరికి దాని ఊపిరి వినే సంతోషపడి ఫోన్ పెట్టేసేవాడు. పోదామంటే ఇంటి దగ్గర చెయ్యాల్సినవి చాలా ఉన్నాయి, ఉందామంటే మనసు ఒప్పడం లేదు. అటూ ఇటూ ఊగుతున్న ఆ మనిషిని నేను ఒక్క తోపు తోశాను.

ఎలాగంటే, రిఫాలో ఒక దొరల విల్లాకి నీళ్ళ పంపు బాగుచేయడానికి నన్ను పంపించారు. ఆ ఇంటి దొరసాని పనికిరాని సామాను బయట పడేస్తూ, కావాలంటే తీసుకోమంది. నేను ఏరుకున్నవి రెండు. ఒకటి, చంటిపిల్లల్ని కూర్చోబెట్టి తోసుకెళ్ళే బండి. రెండు, ఇంట్లోనే యంత్రాలు తయారుచేసుకునే విధానాలు బొమ్మలతో వేసిన పాత ఇంగ్లీషు పత్రికలు. వాటిలో ఒకదానిలో ఒక గడ్డపాయన మోకాలి లోతు ఏట్లో నిలబడి, చేతిలో గొట్టంతో అడుగున ఉన్న ఇసుకని పీలుస్తున్నాడు. ఆ ఇసుకా నీళ్ళూ ఒక రేకు కాలువ మీదుగా జారి పోతుంటే, కాలువలో పెట్టిన అడ్డపట్టీల దగ్గర పసుపు రంగు చుక్కలు వేశారు. నాకు అందులో అర్థమైన మాటలు మూడే: గోల్డ్, పంప్, బ్యాటరీ. ఆ మూడూ తెలిశాక మిగతా ఇంగ్లీషు ఎందుకులే అనిపించింది. బొమ్మలో పంపు నుంచి ఇంకో సన్న గొట్టం ఎక్కడికో వంకర తిరిగి వెళ్ళి, ఇసుక పీల్చే గొట్టంలో కలుస్తోంది. అదెందుకో నాకు బోధపడలేదు. బోధపడనిదాన్ని అనవసరం అని కొట్టేయడం ఆ వయసులో నాకున్న పెద్ద గుణం.

బహ్రెయిన్‌లో ఏరు లేదు కదా, బంగారం ఎక్కడ దొరుకుతుంది అని మీరు అడగవచ్చు. బావ కూడా అడిగాడు. దానికి నా దగ్గర సమాధానం తయారుగా ఉంది. ఈ సముద్రంలో పూర్వం ముత్యాలు దొరికేవని అందరికీ తెలుసు. ముత్యాలు ఇచ్చిన సముద్రం బంగారం ఎందుకివ్వదు? రెండూ ఒకే హారంలో గుచ్చుతారు కదా. (ఇది నేను నవ్వించడానికి రాస్తున్నది కాదు. ఆ రోజు నిజంగా ఈ మాటే అన్నాను, వాళ్ళిద్దరూ నిజంగానే తలలూపారు.) దుబాయి మామ అయితే నన్ను మించిపోయాడు. వాళ్ళ వైపు కంసాలి కొట్ల ముందు మట్టి ఊడ్చుకుపోయి, కడిగి, రజను తీసి బతికేవాళ్ళు ఉండేవారట. "మన్ను కడిగితెనే బంగారం ఎల్లంగ, సముద్రం కడిగితె ఎల్లదా" అన్నాడు. ముత్యాలు పట్టేవాళ్ళు పూర్వం ముహర్రక్ దీవిలోనే ఉండేవాళ్ళని ఎక్కడో విన్నాడు కాబట్టి, ఆ దీవి మీది బుసైతీన్ ఒడ్డున మొదలుపెడదామని కూడా తేల్చేశాడు. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, యంత్రానికి ఒక్క మేకు కూడా కొట్టకముందే తవ్వవలసిన చోటు నిర్ణయమైపోయింది.

యంత్రం మాత్రం నేను నిజంగానే చేశాను, పైసా ఖర్చు లేకుండా. వర్క్‌షాపు చెత్తలో ఒక పికప్పు బ్యాటరీ దొరికింది, ఛార్జి ఎక్కిస్తే కాసేపు నిలబడుతోంది. డ్రమ్ముల్లోంచి డీజిల్ తోడే చిన్న బ్యాటరీ పంపులు రెండు మూలన పడి ఉంటే, వాటికి కొత్త తీగలు వేశాను. లోపల ఇత్తడి రెక్కల చక్రం, బయట ఇత్తడి డొప్ప, తుడిస్తే తళతళలాడేవి. బట్టలుతికే మిషను గొట్టం ఒకటి సంపాదించాను. అల్యూమినియం రేకు ముక్కని కాలువలా వంచి, అడ్డపట్టీలు కొట్టి, అడుగున గోనెపట్టా పరిచాను. అదంతా పిల్లల బండిలో అమర్చేసరికి బండి దానికోసమే పుట్టినట్టుంది. తోసుకుపోవచ్చు, ఎత్తి బస్సెక్కించవచ్చు. బకెట్టు నీళ్ళలో ఇసుక వేసి మొదటిసారి నడిపి చూస్తే నీళ్ళొచ్చాయి గాని ఇసుక రాలేదు. చూస్తే పంపు మూతి దగ్గర ఇత్తడి జాలీ ఒకటుంది, ఇసుకని అదే ఆపుతోంది. బంగారానికి అడ్డం వచ్చే జాలీ మనకెందుకని పీకి అవతల పారేశాను. పంపు చేసినవాడు ఆ జాలీ ఎందుకు పెట్టాడో ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే, ఈ కథ ఇక్కడితో అయిపోయేది, మా బావ ఆ చలికాలం తన మనసుతో తానే ఏదో ఒకటి తేల్చుకునేవాడు.

ఒక శుక్రవారం ఉదయం, నూనె రాసి దువ్విన తలలతో ఇద్దరు మీసాల మగవాళ్ళు, వెనక తువ్వాలు భుజాన వేసుకున్న ఒక పెద్దాయన, పిల్లల బండి తోసుకుంటూ బుసైతీన్ ఒడ్డున నడిచారు. బ్యాటరీ కనబడకుండా బావ దాని మీద తన దుప్పటి కప్పాడు. కప్పడం కూడా ఎంత ప్రేమగా కప్పాడంటే, చూసినవాళ్ళకి లోపల బిడ్డ పడుకుందన్న అనుమానం కాదు, నమ్మకమే కలిగేది. ఎదురుగా ఒక ముసలి అరబ్బు ఆయన వస్తున్నాడు. బండి చూసి ఆయన మొహం విప్పారింది. బిడ్డని దీవిద్దామని వంగి దుప్పటి కొస ఎత్తాడు. బ్యాటరీ కనబడింది. తెరిచిన నోరు అలాగే ఉంచి మా ముగ్గురి మొహాలూ వంతులవారీగా చూశాడు. బావ కంగారు పడిపోయి, సముద్రానికి సంబంధించి తనకొచ్చిన ఒకే ఒక్క అరబ్బీ మాట "సమక్, సమక్" అన్నాడు. అంటే చేపలు. ఆయన దుప్పటి కొస మళ్ళీ జాగ్రత్తగా కప్పి, తల ఊపుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ తల ఊపడంలో ఎంత జాలి ఉందో అప్పుడు నాకు తెలియలేదు.

ఆటు మీద నీళ్ళు వెనక్కి పోయి ఉన్నాయి. నేను మోకాళ్ళ లోతులో దిగి గొట్టం పట్టుకున్నాను. దుబాయి మామ రేకు కాలువ పట్టుకున్నాడు. బావ స్విచ్చి వేశాడు. పంపు ముందు దగ్గింది, తర్వాత మూలిగింది, తర్వాత కరకరమంటూ ఇసుక నమలడం మొదలుపెట్టింది. బురద, గవ్వలు, సీసా మూతలు కాలువ మీదుగా జారిపోతున్నాయి. ఆ కరకర చప్పుడు నా చెవికి యంత్రం కష్టపడి పనిచేస్తున్నట్టు వినిపించింది (నిజానికి అది ఏడుపు). బ్యాటరీ అయిపోయాక గోనెపట్టా తీసి అన్నం పళ్ళెంలో దులిపాం. బావ పంచె ఎగ్గట్టి, గొంతుక్కూర్చుని, బియ్యం గాలించినట్టే ఆ ఇసుకని గాలించాడు. ఒక ఊపు. రెండో ఊపు. తేలికది పైనుంచి పోయింది, బరువుది అడుగున నిలిచింది. పళ్ళెం అంచున, ఎండలో, సన్నటి పసుపు గీత ఒకటి మెరిసింది.

దుబాయి మామ వేలి కొసన రెండు రేణువులు తీసుకుని నాలిక మీద వేసుకుని చూశాడు. ఎందుకు చూశాడో, బంగారం రుచి ఎలా ఉంటుందని ఆయన అనుకున్నాడో నాకు ఈనాటికీ తెలియదు, కానీ చూసి తల పంకించాడు. బావ జేబులోంచి తలనొప్పి మందు ఖాళీ సీసా తీసి, ఆ గీతని జాగ్రత్తగా అందులోకి దించాడు. ఆ చేతులు ఎత్తైన పరంజాల మీద నిలబడి గొట్టాలు బిగించే చేతులు. అవి ఆ చిన్న సీసా మూతని బిగించి, విప్పి చూసి, మళ్ళీ బిగించాయి. "ఒరే అబ్బాయ్, చదువంటే ఇదిరా" అన్నాడు బావ. ఆ మాటకి నేను ఎంత పొంగిపోయానంటే, తడిసిన ప్యాంటుతో బస్సులో నిలబడి వస్తూ, మిగతా ప్రయాణికులంతా ఎంత అమాయకులో కదా అని జాలిపడ్డాను.

ఒప్పందం ముగిసేలోగా మిగిలిన శుక్రవారాలన్నీ తోడితే ఇంటి దగ్గర చెయ్యాల్సినవన్నీ తీరిపోతాయని బావ లెక్క వేసుకున్నాడు. ఆ సాయంత్రమే మనామాలో బూత్‌కి వెళ్ళి ఇంటికి ఫోన్ చేశాడు. బంగారం మాట చెప్పలేదు, వచ్చేస్తున్నానని మాత్రం చెప్పాడు. అక్క ఆ సంబరంలో రిసీవరు పిల్లకి ఇచ్చినట్టుంది. అవతల ఎప్పటిలాగే ఊపిరి. బావ "అమ్మలూ, నేను వచ్చేత్తన్నాను" అన్నాడు. అప్పుడు ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి తండ్రితో మాట్లాడింది. "నిజంగా వస్తావా, ఫోన్లో వస్తావా" అని అడిగిందట. బూత్ నుంచి బయటికొచ్చి బావ ఆ మాట నాకు చెప్పాడు, దుబాయి మామకి చెప్పాడు, బస్సులో పక్క సీటులో కూర్చున్న పంజాబీ ఆయనకి కూడా హిందీలో చెప్పాడు.

ఆ తర్వాత వారం మధ్యలో, పంపు సరిగ్గా లాగడం లేదని వర్క్‌షాపులో భోజనాల వేళ దాన్ని విప్పాను. మూత తీసి చూశాను. రెక్కల చక్రానికి రెక్కలు లేవు. ఇసుక వాటిని ముసలివాడి పళ్ళలా మొదలంటా అరగదీసింది. డొప్ప లోపలంతా గీతలు. అడుగున మూల పేరుకుని, బావ సీసాలో ఉన్నదే, అదే పసుపు రజను. ఇసుక పోవడానికి వేరే దారి, పంపుకి వేరే దారి ఆ పత్రిక బొమ్మలో ఎందుకు వేశారో, ఆ వంకర గొట్టం ఎందుకో, జాలీ ఎందుకో, అన్నీ ఒక్కసారిగా అర్థమైపోయాయి. చదువు రావలసిన వేళకి రాకపోయినా, సిగ్గు తేవడానికి మాత్రం తప్పకుండా వస్తుంది.

దాచే ఉద్దేశం నాకు లేదు. శనివారం బావ ఫోర్మన్‌కి ఖలాస్ చెప్పబోతున్నాడు, ఆ లోపే చెప్పాలి. ఆ సాయంత్రమే గదిలో ఉన్నదున్నట్టు చెప్పేశాను. అది బంగారం కాదు బావా, ఇత్తడి, మన పంపే అరిగి రాలింది అన్నాను. ఇద్దరూ శ్రద్ధగా విన్నారు. విని, నమ్మలేదు. దుబాయి మామ బీడీ వెలిగించుకుని, నా వంక చూడకుండా పైకప్పు వంక చూస్తూ, "బంగారం కండ్ల వడంగనే బామ్మర్ది బుద్ధి మారుతది బావా, ఏ దేశంల జూడు" అన్నాడు. బంగారం ఉన్న చోటు నాకు తెలుసు, యంత్రం నాకు చేతనవును, ఇప్పుడిక వాళ్ళిద్దర్నీ వదిలించుకోవడానికి ఇత్తడి కథ అల్లుతున్నానని ఆయన తేల్చాడు. నేను బావ వైపు చూశాను. బావ లేచి సీసా తీసుకుని, తన ట్రంకు పెట్టెలో పెట్టి, తాళం వేశాడు. అన్నేళ్ళలో ఆ గదిలో ఎవరూ ఏ పెట్టెకీ తాళం వేసుకోలేదు.

ఆ తాళం చప్పుడు నాకు ఎంత సిగ్గనిపించిందో మాటల్లో చెప్పడం కష్టం. నా పరిస్థితి ఏమిటంటే, దొంగని కానని రుజువు చేసుకోవాలంటే వెధవనని రుజువు చేసుకోవాలి. మధ్యే మార్గం లేదు. మూలన ఉన్న రెండో పంపు ఇంకా చెక్కుచెదరకుండా ఉంది. శుక్రవారం ఉదయం క్యాంపు వెనకాల అందరి ఎదుటా నడిపి చూపిస్తాను, సముద్రం ఇసుక వద్దు, మామ పూతపనికి తన చేత్తో జల్లెడ పట్టుకున్న ఇసుకే తెస్తాడు, అందులో బంగారం ఉండదని ఆయనే చెప్తాడు కదా అన్నాను. మామ సరేనన్నాడు. చూడడానికి ఇద్దరు ముగ్గురు వస్తారనుకున్నాను. ఇంజనీరు ఏదో చూపిస్తాడట అని పళ్ళు తోముకునేవాడు బ్రష్షుతో, గడ్డం గీసుకునేవాడు సబ్బు నురగతో క్యాంపు క్యాంపంతా వచ్చింది.

డ్రమ్ములో నీళ్ళు, మామ ఇసుక, కొత్త పంపు, జాలీ పీకేసి. కరకరమని నమిలింది. గోనెపట్టా దులిపాం. బావ గాలించాడు. పళ్ళెం అంచున, మొన్నటికంటే లావుగా, పసుపు గీత. చూశారా, నేను చెప్పలేదా అని నేను అనబోతుండగా, దుబాయి మామ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని నేల మీద కూలబడ్డాడు. "ఇన్నేండ్ల సంది నేను బంగారం తీస్కపోయి గోడలకు పూస్తున్ననా" అన్నాడు. ఆ మాట పూర్తి కాకముందే జనం కదిలారు. ఎవడో ఇసుక కుప్ప మీదికి ఎక్కాడు. ఇంకెవడో లుంగీ మడిచి అందులో ఎత్తుకుంటున్నాడు. గడ్డం సగం గీసుకున్నాయన మగ్గు నింపుకుని గదివైపు పరుగెత్తాడు. అబద్ధమని రుజువు చేద్దామని వెళ్ళి, అబద్ధానికి ఒక ఊరు ఊరునే సాక్ష్యం తెచ్చుకున్నవాణ్ణి ప్రపంచంలో నేనొక్కణ్ణే అయి ఉంటాను.

ఇక చేసేది లేక, అందరి మధ్యా చతికిలబడి, స్క్రూడ్రైవరు తీసుకుని పంపు మూత విప్పాను. మూత విప్పుతుంటే పైన ఎవరో నవ్వుతున్నారు. చక్రం బయటికి తీసి బావ చేతిలో పెట్టాను. పొద్దున రెక్కలతో లోపలికి వెళ్ళిన చక్రం. బావ దాన్ని ఎండకి పట్టి చూశాడు. అరిగిపోయిన చోట బొటనవేలితో రాశాడు. వేలికి పసుపు అంటింది. ఆ వేలిని చూసుకున్నాడు, పళ్ళెంలో గీతని చూశాడు, తర్వాత ఎవరి వంకా చూడకుండా చాలా మామూలుగా అన్నాడు: "అయితే పంపు అరిగినంతసేపూ బంగారం వత్తానే ఉంటదన్నమాట."

క్యాంపు గొల్లుమంది. లుంగీల్లోంచి ఇసుక కిందకి జారింది. గడ్డం సగం ఆయన మగ్గు ఒంపేసి మిగతా సగం గీసుకోవడానికి వెళ్ళాడు. దుబాయి మామ చాలాసేపు లేవలేదు. లేచి, నా పక్కనుంచి పోతూ, భుజం మీద చెయ్యి వేసి, "నీ మీద నింద వేసినరా పిలగా, మనసుల వెట్టుకోకు" అన్నాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచి క్యాంపులో ఎవరి పళ్ళెం అయినా మెరిస్తే నా పేరే చెప్పి నవ్వేవాళ్ళు. ఆ నవ్వులు నన్ను పెద్దగా బాధించలేదు, వాటికి నేను తగినవాణ్ణే. బాధించింది సాయంత్రం.

సాయంత్రం బావ నన్ను తోడు రమ్మని బూత్‌కి తీసుకెళ్ళాడు. నేను అద్దం తలుపు బయట నిలబడ్డాను. అది సరిగ్గా పడేది కాదు, లోపలి మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. ఇక్కడ పని ఎక్కువగా ఉందనీ, కంపెనీవాళ్ళు పంపనంటున్నారనీ, ఇంకో రెండేళ్ళు తప్పదనీ అక్కకి చెప్పాడు. యంత్రం మాట లేదు, బంగారం మాట లేదు, నా మాట అసలే లేదు. తర్వాత పిల్ల ఫోన్ దగ్గరికి వచ్చినట్టుంది. "ఫోన్లోనే వత్తానమ్మా" అన్నాడు బావ. అవతల ఏమందో నాకు వినబడలేదు. బావ రిసీవరు పెట్టేసి, దాన్ని జేబురుమాలుతో తుడిచి, బయటికొచ్చి, "టీ తాగుదామా" అన్నాడు. నేను ఏదో అనబోయాను. "నువ్వు బుద్ధితో చేశావు, నేను ఆశతో చూశాను, ఇందులో ఎవడిది తప్పురా" అన్నాడు. ఆ శుక్రవారం మేం బంగారం బజారు వైపు వెళ్ళలేదు. మర్నాడు ఉంటానని ఫోర్మన్‌కి చెప్పాడు. రెండేళ్ళూ ఉన్నాడు. ఆ రెండేళ్ళలో ఒక్కసారి, కోపం వచ్చినప్పుడు కూడా, పంపు మాట ఎత్తలేదు. నేను మాత్రం ఆ రెండేళ్ళూ గదిలో గిన్నెలు తోమాను, ఎవరూ చెప్పకుండానే.

పోయిన దీపావళికి అక్క వాళ్ళింటికి వెళ్ళాను. ఆ రోజు ఫోన్లో ఊపిరి బిగబట్టిన పిల్ల ఇప్పుడు తన కొడుకుని చంకనేసుకుని తిరుగుతోంది. పండక్కి అక్క అరుగు మీద కూర్చుని, గొలుసూ గాజులూ కుంకుడు రసంలో వేసి కడుగుతోంది. బావ దేవుడి గూట్లోంచి ఒక చిన్న సీసా తీసుకొచ్చాడు. తలనొప్పి మందు సీసా. అది ఆయన ఇంటికి తెచ్చాడని నాకు తెలియదు. మనవడిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, "ఇదేంటో తెలుసా, ఈ ఇంజనీరు తాత సముద్రం లోంచి తోడిన బంగారం. అందరూ కొనుక్కుంటారు, మనది తవ్వుకున్నాం" అని చెప్తున్నాడు. పిల్లవాడు కళ్ళు ఇంత చేసుకుని నన్ను చూశాడు. వాడి తల్లి కూడా అలాగే చూసింది. చిన్నప్పట్నుంచీ ఆ ఇంట్లో ఆ పిల్లకి చెప్పిన కథ అదేనన్నమాట. నా చెవులు వేడెక్కాయి. ఏళ్ళ తరబడి మూసి ఉన్నా ఆ రజను కాస్త నల్లబడి, అంచుల్లో పచ్చగా చిలుం కూడా పట్టింది. అక్క మామూలుగా కుంకుడు రసం గిన్నె బావ వైపు జరిపింది, ఇందులో వెయ్యమని. బావ ఆ గిన్నెని మెల్లగా పక్కకి నెట్టాడు.

"దీనికి కుంకుడు రసం పనికిరాదు గాని," అన్నాడు మనవడి తల మీదుగా నా వంక చూస్తూ, "ఇంజనీరు గారూ, వంటింట్లో కాసింత చింతపండు ఉంటది, నానబెట్టి పట్రండి."

ఆయన మూతి మీద నవ్వు లేదు, కళ్ళ కింద ఉంది. ఇత్తడికి చింతపండు, బంగారానికి కుంకుడుకాయ అని మా ఇళ్ళలో గిన్నెలు తోమిన ప్రతివాడికీ తెలుసు, నాకైతే రెండేళ్ళ అనుభవం కూడా ఉంది. నేను లేచి, వంటింట్లో చింతపండు డబ్బా వెతికి, నానబెట్టి, తీసుకెళ్ళి ఆయన ముందు పెట్టాను.